పళ్లెం నాన్న దగ్గర ఆగిన ఆదివారం

మా ఊళ్లో నా మాటకి ఒక లెక్క ఉంది. టీ కొట్టు దగ్గర నేనేదైనా చెబితే జనం అందులో సగం తీసి పక్కన పెడతారు. మిగిలిన సగాన్ని జాడించి, పిండి, ఆరేసి, అప్పుడు నమ్మాలా వద్దా అని ఆలోచిస్తారు. వాళ్లని తప్పుపట్టను. మా మిరప కల్లంలో వాలిన కాకి ఘాటుకి తట్టుకోలేక కొత్తపట్నం దాకా ఎగిరిపోయిందనీ, ఉప్పునీళ్లని కూడా చూడకుండా సముద్రంలో ముక్కు ముంచిందనీ చెప్పింది నేనే. ఆ కాకి మాకు చుట్టమేమీ కాదు, దాని పరువు గురించి నాకు బెంగ లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మా నాన్న సంగతి. ఇందులో ఏమన్నా కలిపితే పైనున్న మా అమ్మ ఊరుకోదు. అక్కడక్కడా చెయ్యి దురదపెట్టి చిటికెడు వేసినా, వేసిన చోటు మీకే తెలిసిపోతుంది.

మాది చిలకలూరిపేటకీ అద్దంకికీ మధ్య ఊరు. నల్లరేగడి. వానపడితే కాలికున్న చెప్పు లాక్కుని తిరిగివ్వని నేల. నాన్న కొంత పొలం కౌలుకి తీసుకుని మిరప వేసేవాడు, తెగులు మరీ విసిగించిన ఏడు పత్తికి మారేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతిది. నాకు అప్పటికి పెళ్లయి, నాన్నతోపాటే వ్యవసాయం చేస్తున్నాను.

దేవుడంటే నాన్నకి ఎంత నమ్మకమో చెప్పాలంటే పురుగుమందు డబ్బా దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. గట్టు మీద మోకరించి ప్రార్థన చేసుకోనిదే ఆ డబ్బా మూత తీసేవాడు కాదు. కొట్టడం అయ్యాక మళ్లీ ప్రార్థన.

"పురుగుని కూడా ఆయనే చేశాడు గదా నాన్నా, ఆయన ఎవరి పక్షం ఉంటాడు?" అని నేను అల్లరిగా అడిగేవాణ్ణి.

"ఆయనే చేశాడు. అందుకే దాన్ని ఆయన్నే పిలుచుకోమంటన్నా" అనేవాడు నాన్న, నవ్వకుండా.

అంత నమ్మకమున్న మనిషి బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మా సంఘంలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం కాదు. సాగర్ కాలువలో నడుంలోతు నీళ్లలో నిలబడాలి. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, వీపు కింద ఒక చెయ్యి వేసి, వెనక్కి వాల్చి, మనిషిని మొత్తం ముంచి లేపుతారు. నాన్నకి నీళ్లంటే భయం. పాము కనపడితే తోక పట్టుకుని గట్టు అవతలకి విసిరేసే మనిషి, కాలువ దాటాలంటే వంతెన దాకా చుట్టు తిరిగి వెళ్లేవాడు. స్నానం చేసేటప్పుడు భుజాల మీద చెంబుతో పోసుకున్నంతసేపూ బాగానే ఉండేవాడు. తల మీద పోసుకునేటప్పుడు మాత్రం రెండో చేత్తో గోడ పట్టుకునేవాడు.

బాప్తిస్మం తీసుకోనివాళ్లు ప్రభువు బల్లలో, అంటే చర్చిలో పంచే రొట్టెలో, పాలు పొందకూడదు. నెల మొదటి ఆదివారం మా రేకుల చర్చిలో పాస్టరమ్మగారు కాల్చిన రొట్టె ఒక స్టీలు పళ్లెంలో పెట్టి పంపేవారు. పళ్లెం ముందు మగవాళ్ల వైపు తిరిగేది. నేనొక ముక్క తుంచుకుని నాన్నకి అందిస్తే, నాన్న రెండు చేతులతో అందుకుని, తల వంచి, ముట్టకుండా పక్కవాడికి అందించేవాడు. మగవాళ్లయ్యాక పళ్లెం ఆడవాళ్ల వైపు వెళ్లేది. అక్కడ మా అమ్మ తుంచుకునేది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే. నాన్న చేతులకి అది ఎంత అలవాటైపోయిందంటే, నిద్రలో ఆయన చేతిలో మరచెంబు పెట్టినా పక్కకి అందించేస్తాడని నేను టీ కొట్టు దగ్గర చెప్పేవాణ్ణి.

"ఎందుకురా మీ నాయన మునగడు?" అని అక్కడ ఎవరైనా అడిగితే నా దగ్గర రోజుకో కారణం ఉండేది. నాన్న పుట్టినప్పుడు ఒక జాలరి చూసి, ఈ బిడ్డ నీళ్లలో దిగితే చేపలన్నీ వెంటపడి ఇంటికొస్తాయి, అంతమందికి మీరు వండిపెట్టలేరు అన్నాడని ఒకరోజు చెప్పాను. అసలు కారణం నాకూ తెలియదు. అడిగితే నాన్న, "కాయ అమ్మినాక చూద్దాంలే" అనేవాడు. కాయ అమ్మేవాళ్లం. చూసేవాడు కాదు.

ఆ ఏడు కల్లంలో కాయ ఆరుతున్న రోజులు. ఊరి చుట్టూ ఎటు చూసినా నేల మీద ఎర్ర దుప్పట్లు పరిచినట్టుండేది. గాలి అటునుంచి వీస్తే చర్చిలో సగం మంది పాడేవాళ్లు, సగం మంది తుమ్మేవాళ్లు. అలాంటి మొదటి ఆదివారం ఒకటి వచ్చింది. పళ్లెం నా నుంచి నాన్నకి, నాన్న నుంచి పక్కవాడికి, ఎప్పటిలాగే వెళ్లింది. ఆడవాళ్ల వైపు తిరిగి అమ్మ దగ్గరికొచ్చింది. అమ్మ చెయ్యి లేవలేదు. పక్కన కూర్చున్న మా మేనత్త మోచేత్తో పొడిచింది. అమ్మ పళ్లెం తీసి ఆమె ఒళ్లో పెట్టేసింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు గుమ్మం దగ్గర అమ్మని ఆపారు. ఆయన కందుకూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన. సన్నగా ఉండేవారు. ఎదురుగాలిలో సైకిలు ఎక్కితే సైకిలు ముందుకీ ఆయన వెనక్కీ వెళ్లేవారు. ఇక్కడ చిటికెడు పడింది, క్షమించాలి.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"బాగానే ఉందండీ."

"ఎవరిమీదైనా మనసులో కష్టముందా?"

"ఎవరిమీద ఉంటదండీ? చెయ్యి లేవలా, అంతే." అమ్మ కొంగు సర్దుకుంది. "మా పెళ్లయిన కాడ్నించి ఆయన తినకుండా నేను ముద్ద నోట్లో పెట్టినదాన్ని కాదు అయ్యగారూ. జొరమొచ్చి పడుకుంటే కూడా ఆయన గంజి తాగిందాకా నేను తాగలా. ఈ బల్ల కాడ మాత్రం ఇన్నేళ్లబట్టీ ఆయన్ని పస్తు కూర్చోబెట్టి నేను తింటన్నా. ఇయ్యాలెందుకో గొంతు దిగదనిపించింది."

అయ్యగారు చంకలో పుస్తకం సర్దుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "అమ్మా, ఇంట్లో అన్నం వేరు, ఇది వేరు. ఇక్కడ వడ్డించేది ఆయన. ఎవరి విధేయత వాళ్లది. మీరు మానేస్తే పెద్దాయన మీద పంతం పట్టినట్టుంటుంది, ప్రభువు మీద అలిగినట్టుంటుంది" అన్నారు.

"అలగలేదండీ. తప్పేనని అక్కడే కూర్చుని చెప్పుకున్నా ఆయనతో. వచ్చే నెల తీసుకుంటాలెండి" అంది అమ్మ.

వాళ్ల వెనక నాన్న నిలబడి ఉన్నాడు. చెప్పులు తొడుక్కోవడం మర్చిపోయి చేత్తో పట్టుకుని ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం నాన్న కంచం ముందు కూర్చుని గోంగూర పచ్చడి కలుపుతూనే ఉన్నాడు. అమ్మ, "తినవయ్యా, నువ్వు తింటేగాని నాకు లేదుగా" అంది. రోజూ అనే మాటే. కొత్తగా ఏమీ అనలేదు. నాన్న మాత్రం ఆ మాట మొదటిసారి విన్నట్టు తలెత్తి చూశాడు.

రెండు రోజుల తర్వాత అయ్యగారు మా కల్లానికి వచ్చారు. నాన్నా నేనూ కాళ్లతో కాయ తిరగేస్తున్నాం. కింద కాయ పైకి రావాలి, పైకాయ కిందికి పోవాలి, లేకపోతే ఒక పక్కే ఎండి రంగు పోతుంది. అయ్యగారు ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని చివర నిలబడ్డారు.

"నేనే వద్దామనుకుంటన్నానండీ. బాప్తిస్మానికి నా పేరు రాసుకోండి" అన్నాడు నాన్న.

అయ్యగారి చేతిరుమాలు దిగింది. వెంటనే సంతోషపడిపోతారనుకున్నాను. పడలేదు. "అమ్మగారి కోసమా?" అని అడిగారు.

నాన్న కాయ తిరగేయడం ఆపలేదు. "ఆమె కోసమైతే ఏనాడో దూకేవాణ్ణండీ. ఆమె అడిగింది ఏది కాదన్నా? ఇది ఆయన అడిగాడు. నమ్మడమైతే నమ్ముతానే ఉన్నా. ఆ ఒక్క మాట వచ్చేసరికి మాత్రం వినపడనట్టు నటిస్తన్నా. మొన్న ఆమె చెయ్యి లేవకపోయేసరికి... ఇంక నటించడానికి సిగ్గేసింది."

అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. అది మాటల వల్లో ఘాటు వల్లో నేను చెప్పలేను. కాలువకి నీళ్లు రాగానే పెట్టుకుందామని చెప్పి సైకిలెక్కారు.

ఆయన కనుమరుగయ్యాక నాన్న కల్లం అంచున గొంతుక్కూర్చున్నాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు. నేను నోరు తెరిచి ఏదో హాస్యమాడబోయాను.

"గమ్మునుండు కాసేపు. నువ్వు చెప్పిన జాలరి కథ నాదాకా వచ్చిందిలే" అన్నాడు. తర్వాత కాయల వంక చూస్తూ చెప్పాడు. "నాకో తమ్ముడుండేవాడు, తెలుసా?"

తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు.

"గుండ్లకమ్మ ఏరు దాటతన్నాం. అవతల జొన్న కోతకి పోయి వస్తన్నాం. పొద్దున మోకాళ్లదాకా ఉన్న నీళ్లు సాయంత్రానికి ఎగదన్నినయ్. ఎగువన ఎక్కడో వాన పడింది. నేను ముందు, వాడు ఎనక. వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది. గట్టిగా పట్టుకున్నారా. ఎంత గట్టిగా అంటే నా గోళ్లు వాడి చేతిలో దిగినయ్. అయినా జారింది." నాన్న తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "తడిచెయ్యి పట్టు నిలవదు. పట్టుకున్నోడికి ఇష్టం లేక వదలడు. జారిపోద్ది. అయ్యగారు మంచాయనే. దేవుడి మీద కూడా నాకు అనుమానం లేదు. నా భయమంతా ఆ తడిచెయ్యి మీదే."

"అమ్మకి తెలుసా?"

"మీ అమ్మకి తెలియందేముంది? అందుకేగా ఇన్నేళ్లు ఒక్కనాడు కూడా మునగమని అనలా."

  లేచి మిగిలిన కాయ తిరగేశాను. నాన్న కూర్చునే ఉన్నాడు.

తర్వాతి నెలల్లో అమ్మ మళ్లీ రొట్టె తీసుకుంది. అయ్యగారికిచ్చిన మాట కాబట్టి తీసుకుంది. తుంచుకున్న ముక్క మాత్రం రానురాను చిన్నదవుతూ వచ్చింది.

నీళ్లు వస్తే మునుగుతానన్నాడు కదా నాన్న. ఆ ఏడు నీళ్లు రాలేదు. వేసవి పోయింది, తొలకరి మొహం చాటేసింది, మిరప నారు పోసుకునే రోజులొచ్చినా సాగర్ కాలువలో మేకలు తిరుగుతున్నాయి. ఎక్కడో పడ్డ కాసిన్ని వానలకి ధైర్యం చేసి మొక్క నాటాం. ఇంక కాలువే దిక్కు. అప్పుడొచ్చింది నాన్నకి అసలు ఇరకాటం. తోట బతకాలంటే కాలువకి నీళ్లు రావాలని ప్రార్థన చెయ్యాలి. కాలువకి నీళ్లొస్తే తను మునగాలి. తోటకి మాత్రం నీళ్లిచ్చి బాప్తిస్మానికి ఇవ్వొద్దని అడగడానికి కాలువ ఒక్కటే అయిపోయె.

"పెద్దాయనా, ఇయ్యాల ప్రార్థన చేశావా లేదా? మా తోటలు కూడా ఎండతన్నయ్ ఇక్కడ!" అని టీ కొట్టు దగ్గర ఆటపట్టించేవాళ్లు.

"చేశానబ్బా. పొద్దున మీ కోసం, సాయంత్రం నా కోసం" అనేవాడు నాన్న.

"సాయంత్రం ప్రార్థన ఏంది మరి? నీళ్లు రావొద్దనా?"

"ఛ. ధైర్యం ఇయ్యమని."

అవి వాళ్లకి పరాచికాలు. నేను మాత్రం తెల్లవారుజామున గట్టు మీద ఆయన మోకరించి ఉండగా చూశాను. చేతులు జోడించి కాదు, ఒక చేత్తో రెండో చేతిని గట్టిగా పట్టుకుని ఉండేవాడు.

ఈలోగా ఆయన్ని అలవాటు చేద్దామని నేనొక ఉపాయం పన్నాను. మా దొడ్లో గేదె నీళ్లు తాగే సిమెంటు గాబు ఉంది. అందులో రోజూ మొహం ముంచడం నేర్పుదామనుకున్నాను. మొదటిరోజు నాన్న గాబు అంచు రెండు చేతులా పట్టుకుని వంగాడు. ముక్కు చివర నీటికి తగలకముందే లేచాడు. కట్టుగొయ్య దగ్గరున్న గేదె ఆయన్నే చూస్తోంది.

"అదేందిరా అట్టా చూస్తంది? దాన్ని అటు తిప్పి కట్టు" అన్నాడు.

తిప్పి కట్టాను. అయినా లాభం లేదు. అప్పుడు నాకున్న ఒకే ఒక్క విద్య బయటికి తీశాను.

"నాన్నా, కనిగిరి అవతల ఒక ఊళ్లో ఏం జరిగిందో తెలుసా? అక్కడ నీళ్ల కరువు గదా. ఒకాయనకి బాప్తిస్మం ఇద్దామంటే ఊళ్లో నీళ్లన్నీ కలిపినా మనిషి మునగడు. ఏం చేశారు? వాయిదాల మీద ఇచ్చారు. మొదటేడు మోకాళ్లదాకా. రెండో ఏడు వాన బాగా పడితే నడుందాకా. మూడో ఏడు మెడదాకా వచ్చి నీళ్లయిపోయినయ్. ఇప్పటికీ ఆయన తలకాయ ఒక్కటీ పాత మనిషే. ఒళ్లంతా ప్రార్థనలో ఉంటే తలకాయ మాత్రం పేకాట గురించి ఆలోచిస్తంటది."

నాన్న నవ్వాడు. వంగి ఉండగానే నవ్వాడు. నవ్వుతో ఊగి మొహం నీళ్లలో పడింది. బుడబుడమని బుడగలొచ్చాయి. చటుక్కున లేచి, ముక్కులో నీళ్లు చీదుతూ, "నీయమ్మ... ఇంకోటి చెప్పు" అన్నాడు.

అలా రోజుకో కథ. నాన్న మొహం గాబులో ఉండగా ఆయన తల వెనక నేను నిలబడి చెప్పేవాణ్ణి. అమ్మ వంటగది గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తూ వినేది. "దేవుడి పనికి ఇన్ని అబద్ధాలేందిరా?" అని కసిరేది. నేను ఆపితే మాత్రం "మరి ఆ తలకాయ ఏమైంది?" అనేది.

తోట పూత మీద ఉండగా, ఒక సాయంత్రం కాలువ లస్కరు సైకిలు మీద కేకేసుకుంటూ వచ్చాడు. "తెల్లారేసరికి మీ మేజరు కాలువకి నీళ్లొస్తన్నయ్! ఇంజన్లు సర్దుకోండి!" ఊరంతా వీధిలోకొచ్చింది. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముందు ఆయన మొహం తోట మొహంలా విప్పారింది. తర్వాత ఆయనకి రెండో సంగతి గుర్తొచ్చింది. అమ్మ లోపలికి వెళ్లి పెట్టెలోంచి తెల్ల పంచె, తెల్ల చొక్కా తీసి దండెం మీద వేసింది.

ఆదివారం ఉదయం సంఘమంతా కాలువ గట్టు మీద ఉంది. నీళ్లు ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పోతున్నాయి. నాన్న అందరికంటే ఆఖరున వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. నడుముకి మోకు. అదే, కాయ గోతాలు బండి మీద వేశాక బిగించే లావుపాటి తాడు. ఒక కొస నడుముకి మూడు చుట్లు చుట్టి ముడేశాడు. రెండో కొస తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గట్టు మీదే నిలబడు. చెయ్యి తడవనీయమాక" అన్నాడు నాతో. ఎందుకన్నాడో మా ఇద్దరికే తెలుసు. అమ్మకి కూడా.

గట్టు మీద నవ్వులు మొదలయ్యాయి. "ఏంది పెద్దాయనా, గేదెని తోలుకొచ్చినట్టు తోలుకొచ్చాడు మీవోడు!" అన్నాడొకడు. "లాగితే వస్తదా లేక బతిమాలాల్నా?" అన్నాడింకొకడు. మా మేనత్త ఇద్దర్నీ కలిపి తిట్టింది.

అయ్యగారు అప్పటికే నీళ్లలో ఉన్నారు. మోకు చూశారు, నన్ను చూశారు. "ఉండనివ్వండి, ఏం పర్వాలేదు. రండి అయ్యా" అని చెయ్యి చాపారు.

నాన్న దిగాడు. చీలమండ, మోకాలు, తొడ. నేను మోకు కొంచెం కొంచెంగా వదులుతున్నాను. నడుందాకా వచ్చేసరికి నాన్న పెదాలు తెల్లబడ్డాయి. అయ్యగారు ఒక చెయ్యి ఆయన వీపు మీద వేశారు. "ప్రభువుని నమ్ముతున్నారా?" అని అడిగారు.

నాన్న నడుము వంక చూసుకున్నాడు. నీళ్లలో మోకు తేలుతోంది. దాని వెంబడే చూపు గట్టు దాకా వచ్చి నా చేతి దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి ఆడవాళ్ల మధ్య నిలబడ్డ అమ్మ దాకా వెళ్లింది.  ఇంక వెనక్కి వచ్చేస్తాడనుకున్నాను. మోకు లాగడానికి సిద్ధపడ్డాను కూడా.

"ఒక్క నిమిషం అయ్యగారూ" అన్నాడు నాన్న. నీళ్లలో చేతులు పెట్టి ముడి వెతుక్కున్నాడు. తడిసి బిగిసింది, ఊడటంలేదు. అయ్యగారు సాయం చెయ్యబోతే వద్దన్నాడు. తన వేళ్లతోనే పీకి పీకి విప్పాడు. "తాడు కట్టుకుని నమ్ముతన్నానంటే ఏం బాగుంటదండీ?" అని మోకు నీళ్లలోకి వదిలేశాడు. అది ప్రవాహంతో కొట్టుకుపోతుంటే నేను గట్టు మీదికి లాక్కున్నాను. అంత తేలికైన బరువుని నేనెప్పుడూ లాగలేదు. 

"నమ్ముతున్నాను" అన్నాడు నాన్న. ఊరందరికీ వినపడేట్టు అన్నాడు.

అయ్యగారు వెనక్కి వాల్చారు. నాన్న చేతులు ఒక్కసారి గాలిలో వెతుక్కున్నాయి, అయ్యగారి చొక్కా దొరికింది, పట్టుకున్నాయి. నీళ్లు మొహం మీద మూసుకున్నాయి. ఆ కాసేపట్లో కాలువ ఆగిందనీ, చేపలు వరసగా నిలబడ్డాయనీ చెప్పాలని నాకు ఈరోజుకీ ఉంటుంది. ఏమీ జరగలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి. చొక్కా గుండీ ఒకటి తెగి కొట్టుకుపోయింది. నాన్న పైకొచ్చాడు.

దగ్గాడు. మొహం మీద నీళ్లు తుడుచుకున్నాడు. సన్నటి అయ్యగారి చేతులు రెండూ ఇంకా ఆయన్ని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. ఆయన చేతులు తడిగా ఉన్నాయి. జారలేదు. నాన్న ఆ చేతుల వంక చూస్తూ, "ఇంక వదలండి అయ్యగారూ, నిలబడ్డా" అన్నాడు.

అప్పుడు ఏడ్చాడు. తమ్ముడి కోసమో, దేవుడి కోసమో, రెండూనో, నేను అడగలేదు. అమ్మ తువ్వాలు పట్టుకుని గట్టు దిగి నీళ్ల అంచుదాకా వెళ్లి, చీర తడుస్తున్నా కదలకుండా అక్కడే నిలబడింది.

ఆ పై నెల మొదటి ఆదివారం చర్చిలో నాన్న ఎప్పటి చోటే కూర్చున్నాడు, నా పక్కన. అమ్మ పొద్దున రెండుసార్లు జడ వేసుకుని రెండుసార్లు విప్పుకుంది. అయ్యగారు ప్రార్థన చేసి పళ్లెం పంపారు. నేను ఒక ముక్క తుంచుకుని నాన్నకి అందించాను. నాన్న రెండు చేతులతో అందుకున్నాడు. తల వంచాడు. పక్కవాడికి అందించేశాడు.

ఆ పక్కవాడు కూడా అలవాటుకొద్దీ అందుకున్నాడు. అందుకున్నాక, ఏదో తేడా జరిగిందని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను నోరు తెరిచేలోపే ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ గొంతు లేచింది. చర్చిలో ఆమె గొంతెత్తి మాట్లాడగా అదే మొదలు, అదే ఆఖరు.

"ఏందయ్యో! ఎవరికిస్తన్నావ్? నీకేనయ్యా!"

 రేకుల చర్చిలో ఎక్కడో ఒక మూల కిసుక్కుమన్నారు. అక్కణ్ణుంచి నవ్వు చాప వెంబడి చాప పాకింది. అయ్యగారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పక్కవాడు పళ్లెం జాగ్రత్తగా వెనక్కి తెచ్చి నాన్న ఒళ్లో పెట్టాడు. "తీసుకో పెద్దాయనా, లేకపోతే మమ్మల్ని బతకనీయదు మీ ఆమె" అన్నాడు.

నాన్న నవ్వలేదు. పళ్లెం వంక చూశాడు. ఇన్నేళ్లు రెండు చేతులా మోసి పక్కకి పంపిన పళ్లెం. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో ముక్క తుంచాడు. ఎంత తుంచాలో తెలియక పెద్దదే తుంచాడు. నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన దవడ కదులుతున్నంతసేపూ ఆ పళ్లెం నేను తీసి పట్టుకుని కూర్చున్నాను. తర్వాత నాన్న మీదుగా పక్కవాడికి అందించాను.

పళ్లెం మగవాళ్ల వరసలన్నీ తిరిగి ఆడవాళ్ల వైపు వెళ్లింది. అమ్మ దగ్గరికొచ్చింది. అమ్మ తుంచుకుంది. ఈసారి ముక్క చిన్నది కాదు. తుంచుకుని వెంటనే నోట్లో పెట్టుకోలేదు. తల కొంచెం పక్కకి వంచి, మధ్యలో ఉన్న తలల సందులోంచి నాన్న వైపు చూసింది.

ఆయన మింగాడని ఖాయం చేసుకుని, అప్పుడు తను తింది.